అరటిపాదులో మహారాజు

రాళ్ళకు కొదవలేని ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు గుండ్రాళ్ళకోట. కొండ నెత్తిన కోట, కోట చుట్టూ ఊరు. అక్కడ పెరట్లో గునపం వేస్తే మట్టికంటే ముందు నిప్పురవ్వలు లేచేవి. ఎండలు ముదిరితే పడమటి గాలి ఇళ్ళ మీది పెంకుల్ని ఒక్కొక్కటే తడిమి చూసుకుంటూ పోయేది. బావులు మహా లోతు. తోడీ తోడీ ఆడవాళ్ళ అరచేతులు కాయలు కాసేవి, పైకి వచ్చేసరికి చేదలో సగం నీళ్ళే ఉండేవి.

ఆ రాజ్యాన్ని ఏలేవాడు చండకేసరి మహారాజు. మనిషి చెడ్డవాడు కాదు. తనకు తెలియని సంగతి లోకంలో ఉందంటే ఒప్పుకునేవాడు కాదు, అంతే. దానికి తోడు ఆచారాల పట్టింపు ఒకటి. అందులోనూ పీట చూడడం అంటే ఆయనకు ప్రాణం.

పీట చూడడం గుండ్రాళ్ళకోటవారి మర్యాద. ఇంటికి అతిథి వస్తే, అతను కూర్చోబోయే పీట మీద ముందుగా ఇంటి యజమాని కూర్చుని చూడాలి. రాళ్ళ ఊరు కదా, పీట కాలుతూ ఉండవచ్చు, కింద తేలు ఉండవచ్చు. ఆ బాధేదో ముందు మనకు తగలాలి గాని వచ్చినవాడికి తగలకూడదని పెద్దలు పెట్టిన పద్ధతి. ఒకసారి మహామంత్రి దండపాణి ఈ సంగతి మరచి, పరదేశం నుంచి వచ్చిన రాయబారిని నేరుగా ఆసనం మీద కూర్చోబెట్టాడు. ఆ రోజు సభ ముగిసేదాకా మంత్రిగారు నిలబడే ఉండవలసి వచ్చింది. ఆ మోకాళ్ళ నొప్పి ఆయన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇక మన కథానాయకుడు కూర్మయ్య. కొలువులో హాస్యం చెప్పేవాడు. ఆయనకున్న విద్యలు రెండే. ఒకటి నలుగురినీ నవ్వించడం, రెండోది చోటు చూసుకుని కునుకు తీయడం. రెండోదానిలోనే తాను ఎక్కువ సాధన చేశానని, మొదటిది కేవలం పొట్టకూటి కోసమని ఆయనే చెప్పుకునేవాడు. తోటపని మాత్రం ఆయనకు అచ్చి రాలేదు. ఏ నేలలోనైనా మొలిచే గోంగూర సైతం ఆయన చల్లితే మొలవలేదు. విత్తనాల తప్పేమోనని భార్య బుచ్చెమ్మ అదే విత్తనం పక్కనే చల్లింది. నడుమెత్తు పెరిగింది. ఆ తరువాత ఆవిడ పెరట్లో ఏం వేసినా, ముందు మొగుణ్ణి వీధిలోకి పంపి మరీ వేసేది.

ఇలా ఉండగా చండకేసరి ఒక పెళ్ళికి ఏటిసీమ వెళ్ళాడు. ఏటిసీమ అంటే ఏటి ఒడ్డు రాజ్యం. నల్లమట్టి, నిండుగా పారే కాలువలు. అక్కడి రాణిగారి పెరడు చూసి మన రాజుకు కన్ను కుట్టింది. ఒక వరుస అరటి, ఒక వరుస పోకచెట్లు, వాటిని అల్లుకుని తమలపాకు తీగలు, ఒక పక్కగా తామరలు పూసిన చిన్న కొలను. అక్కడి చిత్రకారుడి చేత ఆ పెరటిని అంగుళం వదలకుండా ఒక పెద్ద గుడ్డ మీద పటం వేయించుకున్నాడు. బళ్ళ నిండా పిలకలు, మొక్కలు, తామర దుంపలు ఎక్కించుకున్నాడు. కోట గుమ్మం దగ్గర మేళతాళాలతో వాటికి ఎదురు సన్నాహం చేయించి, ఇవి మా అతిథులు అని ఊరంతా వినేలా ప్రకటించాడు.

మర్నాడు సభలో పటం వేలాడదీశారు. ఇకమీదట గుండ్రాళ్ళకోటలో ప్రతి ఇంటి పెరడూ ఈ పటంలో ఉన్నట్టే ఉండాలని ఆజ్ఞ. చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. మంత్రి దండపాణి అందరికంటే ఒక ఆహా ఎక్కువే అన్నాడు. స్తంభం పక్కన కునికిపాట్లు పడుతున్న కూర్మయ్య మీద రాజుగారి చూపు పడింది. నీ అభిప్రాయమేమిటని అడిగాడు.

కూర్మయ్య కళ్ళు నులుముకుని పటాన్ని పైనుంచి కిందికి చూశాడు. "నీడ బ్రహ్మాండంగా వేశారు ప్రభూ. చూస్తుంటేనే అక్కడ పడుకోవాలనిపిస్తోంది. పడమటి గాలి ఎటునుంచి వస్తుందో మాత్రం వేసినట్టు లేదు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజుగారి మీసం కదిలింది.

"గాలి సంగతి నీకెందుకు? మా ఆజ్ఞ మొదట నీ పెరట్లోనే అమలవుతుంది. ఫాల్గుణ పున్నమికి ఈ మొక్కలు నీ ఇంట్లో నిలదొక్కుకుంటే, మరునాడు ఊరంతా వేయాలి. ఎండిపోయాయా, అది నీ నిర్లక్ష్యం. నీ ఇల్లు మా ఏనుగుల మేత కొట్టు అవుతుంది."

కూర్మయ్యకు ఆ పూట కునుకు మళ్ళీ పట్టలేదు.

ఇంటికి వచ్చి బుచ్చెమ్మకు చెప్పాడు. మొక్కలు చస్తే మన ఇల్లు పోతుంది. బతికితే ఊరివాళ్ళంతా తాగే నీళ్ళు అరటికి పోయాలి, అప్పుడు ఊరే పోతుంది. ఎటు చూసినా గొయ్యే. బుచ్చెమ్మ పొయ్యి మీద గిన్నె దించి, చేతులు తుడుచుకుని నిదానంగా అంది.

"రెండో దిగులు మీకెందుకండీ? నాటేది మీరు కదా."

సరే, పని మొదలైంది. కూర్మయ్య పటం ముందు పెట్టుకుని, తాడు పట్టి కొలిచి, ఎక్కడ ఏది ఉండాలో అక్కడే నాటాడు. పడమటి గోడ వారన అరటి. నట్టనడుమ పోకమొక్కలు, వాటి మొదట్లో తమలపాకు తీగ. గునపం మొన అరిగేదాకా తవ్వి, తామరలకు ఒక గుంట.

పడమటి గాలి మొదటి సాయంత్రమే వచ్చి అరటి ఆకుల్ని చీలికలు పీలికలు చేసి పోయింది. కూర్మయ్య తన దుప్పటి తెచ్చి అడ్డం కట్టాడు. గాలి దుప్పటిని కూడా పట్టుకుపోయింది. ఆ తరువాత ఆయనే గొడుగు పట్టుకుని అరటి పక్కన నిలబడడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు గోడ మీదుగా తొంగిచూసేవారు. తన పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదని, పెళ్ళికూతురు కూడా ఇంత వాడిపోయి కనిపించలేదని ఆయన వాళ్ళకే చెప్పి నవ్వించేవాడు. తరువాత లోపలికి పోయి తల పట్టుకునేవాడు.

తామర గుంటది ఇంకో వింత. పొద్దున నింపితే మధ్యాహ్నానికి చుక్క ఉండేది కాదు. అడుగున బండ, బండలో బీట. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయో తెలియక కూర్మయ్య జుట్టు పీక్కున్నాడు. ఒకరోజు పక్కింటి సూరమ్మ పొట్లకాయ కూర గిన్నెతో తెచ్చి ఇచ్చింది. ఈ ఏడు తన పొట్లపాదు ఎందుకో విరగకాసిందనీ, నీళ్ళు కూడా పోయకుండానే పాదు ఎప్పుడూ తడిగా ఉంటోందనీ, అంతా దేవుడి దయ అనీ చెప్పింది. దేవుడు నడుము పట్టుకుని పెరట్లోనే కూర్చున్నాడని బుచ్చెమ్మ చూపించింది.

నవ్వులాట అలా ఉంచితే, బావిలో నీళ్ళు దిగిపోతున్నాయి. ఆ వీధికంతా అదొకటే బావి. ఇదివరకు తెల్లవారితే ఖాళీగా ఉండే గట్టు మీద ఇప్పుడు బిందెల వరుస. కూర్మయ్యను చూసి ఆడవాళ్ళు మాటలు ఆపేసేవారు. మాట అంటే తిరిగి ఏదో ఒకటి అనేవాడు గాని, ఇప్పుడు తల వంచుకుని తన బిందె వరుస చివర పెట్టేవాడు. ఒక్క పెరటికే ఇలా ఉంటే, ఊరంతా ఇదే పటం వేసిననాడు తాగేందుకు ఏం మిగులుతుంది?

పున్నమి దగ్గర పడుతున్నకొద్దీ పోకమొక్కలు ఒక్కొక్కటే తల వాల్చాయి. ఒక మధ్యాహ్నం కూర్మయ్య, మిగిలిన అరటి పిలకలకు నీళ్ళు పోసి పోసి అలసిపోయి, వాటి పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే లేచాడు. నేల పెనంలా కాలుతోంది. గోడకు ఆనుకుందామంటే అదీ అంతే. పంచె దులుపుకుంటూ, అలవాటు ప్రకారం చాప చంకన పెట్టుకుని ఇంటికి తూర్పు వైపు, నీళ్ళ చప్టా వెనకకు నడిచాడు. స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు పారే చోటు అది. ఇంటి గోడ ఎత్తుగా ఉండడం వల్ల మధ్యాహ్నం తిరిగాక అక్కడ నీడ. పడమటి గాలి ఇల్లు దాటి అక్కడికి రాలేదు. ప్రతి మధ్యాహ్నం ఆయన కునుకు అక్కడే.

బుచ్చెమ్మ అంట్లు తోముతూ విసుక్కుంది. పొద్దున దక్షిణం అరుగు మీద, మధ్యాహ్నం చప్టా వెనక, సాయంత్రం వేపచెట్టు కింద, ఈ చాప వెంట తిరగలేక చస్తున్నాననీ, సూర్యుడు ఎక్కడున్నాడో తెలియాలంటే తాను ఆకాశం చూడనక్కరలేదు, మొగుడు ఎక్కడ పడుకున్నాడో చూస్తే చాలనీ అంది.

కూర్మయ్య చాప పరవబోతూ ఆగిపోయాడు. చాప వైపు చూశాడు, పెరటి వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఆ చాప ఒక్కసారైనా పడమటి గోడ వారకు పోలేదు. నడిబొడ్డు బండ మీదకు పోలేదు. ఎక్కడైతే తాను క్షణం కూర్చోలేడో, సరిగ్గా అక్కడే తెచ్చి అతిథుల్ని కూర్చోబెట్టాడు.

"బుచ్చీ, నాకంత తెలివి ఉందని నువ్వెప్పుడైనా అనుకున్నావా?" అన్నాడు.

"ఎంత?" అంది ఆవిడ.

"నా చాపకు ఉన్నంత."

సంగతి తెలిసింది గాని, తెలిసినంత మాత్రాన లాభమేమిటి? అక్కడ ఎండ, ఇక్కడ నీడ అని సభలో చెబితే రాజుగారు వినేరకం కాదు. సోమరి సాకులు అంటారు, ఇల్లు ఏనుగులకు ఇస్తారు. ఎవరైనా చెబితే వినని మనిషికి, ఆయనే చెప్పుకునేలా చేయాలి. కూర్మయ్య ఆ రోజు మొదటిసారి పడుకుని కూడా నిద్రపోకుండా ఆలోచించాడు.

మర్నాడు ముఖం వేలాడేసుకుని సభకు వెళ్ళాడు. రాజు చూడగానే మొక్కలు ఎలా ఉన్నాయని అడిగాడు. అలిగాయి ప్రభూ అన్నాడు కూర్మయ్య. నీళ్ళు పోస్తే తాగడం లేదు, గొడుగు పడితే చూడడం లేదు, కొన్ని తల కూడా ఎత్తడం లేదు. అలక ఎందుకని రాజు గద్దించాడు.

"చెప్పడానికి నోరు రావడం లేదు. మేళతాళాలతో తెచ్చిన అతిథులు. ఏలినవారే స్వయంగా అతిథులని ప్రకటించారు. కాని వాళ్ళను కూర్చోబెట్టేముందు మనం పీట చూడలేదు."

మొక్కలకు పీట ఏమిటయ్యా అని రాజు అనబోయి, తన ప్రకటన తనకే గుర్తొచ్చి ఆగాడు. మాట సాయం కోసం మంత్రి వైపు చూశాడు. దండపాణి ఒక చేత్తో మోకాలు రాసుకుంటూ, ఎంతో వినయంగా, ఆచారం ఆచారమే కదా ప్రభూ అన్నాడు. రాజుగారికి ఇక తప్పలేదు. క్షణం కూర్చుంటే సరిపోతుంది కదా అన్నాడు.

భోజనం చేసి వెళ్ళిపోయే అతిథికైతే క్షణం చాలునని కూర్మయ్య వివరించాడు. వీళ్ళు ఈ ఊళ్ళోనే ఉండిపోవడానికి వచ్చినవాళ్ళు. ఇలాంటివాళ్ళకు కనీసం ఒక పగలైనా చూడాలి. అదీ అతిథికి ఉన్న సౌకర్యాలతోనే చూడాలి. మనం మెత్తటి పరుపు మీద కూర్చుని, అతిథిని కటిక పీట మీద కూర్చోబెడితే అది చూసినట్టు కాదు గదా. ఈ మాట రాజుగారు రాయబారి విషయంలో మంత్రిగారికి చెప్పిందే. మంత్రిగారు తల ఊపారు.

అలా చండకేసరి మహారాజు ఒక ఉదయం కిరీటం, పట్టు వస్త్రాలు, హారాలతో కూర్మయ్య పెరట్లోకి వచ్చాడు. వెంట మంత్రి, పరివారం. వీధిలోని జనమంతా గోడల మీద. గొడుగువాడు ముందుకు రాబోతే కూర్మయ్య చేతులు జోడించాడు. అరటికి గొడుగు లేదు. వింజామరవాడు వచ్చాడు. అరటికి అదీ లేదు. రాజు వాళ్ళను పొమ్మని, హుందాగా అరటిపాదు పక్కన పీట వేయించుకుని కూర్చున్నాడు.

మొదట బాగానే ఉంది. నీరెండ, పిట్టల కూతలు. మా అతిథులకు ఇక్కడ లోటేముందని రాజు అడిగాడు. ఏమీ లేదు ప్రభూ, కాస్త ఆగాలి అన్నాడు కూర్మయ్య.

పొద్దెక్కింది. కొండ మీద ఎక్కడో ఈల వేసినట్టయి, పడమటి గాలి దిగింది. రాజుగారి ఉత్తరీయం లేచి, గోడ దాటి, సూరమ్మ పొట్లపందిరి మీద పరచుకుంది. కళ్ళ నిండా దుమ్ము. కిరీటాన్ని ఒక చేత్తో, మీసాన్ని మరో చేత్తో పట్టుకోవలసి వచ్చింది. చాలు, ఈ పీట చూశాం అన్నాడు.

తరువాతది పోకమొక్కల పీట. నడిబొడ్డున, బండ మీద. అప్పటికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. రాజు కూర్చున్నాడు. కాసేపటికి ఒక కాలు పైకి పెట్టుకున్నాడు. తరువాత రెండోది కూడా. హారాలు వేడెక్కి మెడకు చురుక్కుమంటుంటే ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒళ్ళు కాలితే అదీ కింద పెట్టాడు. కూర్మయ్య పోకమొక్కలకు రోజూ పోసే లెక్కన ఒక చెంబు నీళ్ళు రాజుగారి కాళ్ళ దగ్గర పోశాడు. రాజు చూస్తుండగానే బండ ఆ నీళ్ళను మింగేసింది. తడి మరక కూడా ఎక్కువసేపు నిలవలేదు.

"దాహం" అన్నాడు రాజు, చాలాసేపటికి.

బుచ్చెమ్మ తలుపు చాటునుంచి చెంబు తెచ్చి, కొంచెం దూరంగా నిలబడింది.

"మా బావిలో ఈ పూటకు ఇవే ఉన్నాయండీ, మహాప్రభువులు క్షమించాలి. ఇవి అరటి వంతు. తమరు తాగితే అరటికి ఉండవు. అరటికి పోస్తే ఇంట్లో పొయ్యి మీదకు ఉండవు. ఎవరికివ్వమంటారు?"

రాజు చెంబు వైపు చూశాడు. తరువాత గోడల మీది జనం ముఖాల్ని చూశాడు. అందరి చూపూ చెంబు మీదే ఉంది. అది తన మీద కాదని ఆయనకు అప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది. చెంబు అందుకుని ఒక్క గుక్క తాగి, మిగతావి తిరిగి ఆవిడకే ఇచ్చి, పొయ్యి మీదకు తీసుకెళ్ళమని సైగ చేశాడు.

ఆ తరువాత ఎవరికీ ఏమీ చెప్పకుండా లేచాడు. తామర గుంటను చూసి, చూడనట్టే దాటిపోయాడు. ఒంటి మీద మిగిలిన పట్టుపంచె దులుపుకుంటూ, పెరడంతా ఒకసారి కలయజూసి, ఎవరో దారి చూపించినట్టు నేరుగా తూర్పు వైపుకు, చప్టా వెనకకు వెళ్ళాడు. అక్కడ నేల చల్లగా ఉంది. నీడ ఉంది. గాలి లేదు. ఒక పాత చాప కూడా, ఎలా వచ్చిందో గాని, పరచి ఉంది. మహారాజు దాని మీద కూర్చున్నాడు, గోడకు ఆనుకున్నాడు, కాళ్ళు చాపుకున్నాడు. ఇంకాసేపటికి గుర్రు వినిపించింది.

కూర్మయ్య పరివారాన్ని నోటి మీద వేలు వేసుకోమని, గునపం తీశాడు.

రాజుగారికి మెలకువ వచ్చేసరికి ఎండ చల్లారింది. కళ్ళు తెరిచి చూస్తే తన భుజం పక్కనే, చప్టా నీళ్ళు పారే తడిలో, ఒక అరటి పిలక నిలబడి ఉంది. చుట్టూ పరివారం. రాజు దాన్నీ కూర్మయ్యనూ మార్చి మార్చి చూశాడు.

"ఈ అరటి ఇక్కడికి ఎలా వచ్చింది?"

"ఏలినవారు ఎలా వచ్చారో అలాగే వచ్చింది ప్రభూ. అదీ అక్కడ కూర్చుంది, గాలికి తాళలేకపోయింది, ఎండకు మాడింది, దాహమన్నది, ఇక్కడైతే బాగుంటుందనుకుంది. తమకు కాళ్ళున్నాయి కనుక లేచి వచ్చారు. దానికి లేవు కనుక నేను మోసుకొచ్చాను."

మంత్రి దండపాణి గబగబా అటు తిరిగి దగ్గు తెచ్చుకున్నాడు. రాజు మాత్రం నవ్వలేదు. చాప అంచు గోటితో గీరుతూ కూర్చున్నాడు.

"అయితే మా పటం తప్పంటావా?"

"తప్పు ఎలా అవుతుంది ప్రభూ? అందులో గీత గీత నిజమే. కాకపోతే అది ఏటిసీమ పెరటిని చూసి వేసిన పటం. మన పెరటిని ఎవరూ చూడలేదు. తోటపని నాకు చేతకాదు, నేను చల్లితే గోంగూర కూడా మొలవదు, ఊరంతటికీ తెలుసు. నాకు వచ్చిందల్లా పడుకోవడం. ఎక్కడ ఎప్పుడు నీడ ఉంటుందో, ఎటునుంచి గాలి వస్తుందో, ఏ మూల తడిగా ఉంటుందో సోమరివాడికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. తెలిసి కూడా, పటం చేతికి ఇవ్వగానే మరచిపోయి మొక్కల్ని మాడ్చాను. ఇవాళ ఏలినవారు కూర్చుని చూసి, ఎక్కడ ఉండకూడదో అక్కడినుంచి లేచి, ఎక్కడ ఉండాలో అక్కడకు వచ్చారు. ఈ పెరటి పటం తమరు నడిచి గీసిందే."

రాజు లేచి నిలబడ్డాడు. పడమటి గోడ వైపు చూపు సారించి, మరి అక్కడ ఏముండాలని అడిగాడు. గొంతులో గద్దింపు లేదు. అక్కడ కూర్చున్నప్పుడు తమకు ఏం కావాలనిపించిందని కూర్మయ్య తిరిగి అడిగాడు. గాలికి ఏదైనా అడ్డం ఉంటే బాగుండుననిపించింది అన్నాడు రాజు. అయితే అదే వేద్దాం ప్రభూ, కొండవాలున రాళ్ళ మధ్య ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరిగే సీతాఫలం, గోరింట అక్కడ వరుసగా దడి కడదాం అన్నాడు కూర్మయ్య. బండ మీద? అది నాటే చోటు కాదు, వడియాలు పెట్టుకునే చోటని తలుపు చాటునుంచి బుచ్చెమ్మ అంది. మరి గుంట? దాని నీళ్ళు ఎలాగూ సూరమ్మ పొట్లపాదుకే పోతున్నాయి కనుక, వానాకాలంలో నిండనిచ్చి ఆవిడకే వదిలేద్దామని తేల్చారు. ఈ చప్టా పక్కన అరటి, కరివేపాకు. గోడ మీదికి చిక్కుడుతీగ. రాజుగారు తానే రెండు అడుగులు అటూ ఇటూ నడిచి, చిక్కుడు ఇంకాస్త ఎడంగా ఉంటే మేలని, సాయంత్రపు వెలుగు అటు పడుతోందని సలహా చెప్పాడు. అది సరైన సలహానే. కూర్మయ్య నిజంగానే ఒప్పుకున్నాడు.

"మరి మిగిలిన పోకలు, తమలపాకులు, తామరలు?" అన్నాడు మంత్రి.

"అతిథిని పిలవడమే కాదు, సాగనంపడమూ మర్యాదే గదా. బతికున్నవాళ్ళను మేళతాళాలతోనే ఏటిసీమకు పంపిద్దాం. వాళ్ళ ఇంటి మీద బెంగ పెట్టుకున్నారని చెబుదాం" అన్నాడు కూర్మయ్య.

అప్పుడు నవ్వాడు చండకేసరి. మొదట మీసం కింద, తరువాత పొట్ట పట్టుకుని. తన కిరీటం బండ మీద ఎండలో ఒంటరిగా కూర్చుని ఉండడం చూసి ఇంకా నవ్వాడు. పోకమొక్కల పీట అది ఇంకా చూస్తూనే ఉంది కాబోలు అన్నాడు. గోడల మీది జనం కూడా ఇక ఆపుకోలేకపోయారు.

అక్కడికక్కడే పాత ఆజ్ఞ రద్దయింది. కూర్మయ్య ఇల్లు కూర్మయ్యదేనని, ఏనుగులు మేత కోసం ఇంకెక్కడికైనా పోవచ్చునని రాజు ప్రకటించాడు. కొత్త ఆజ్ఞ ఒకటి పుట్టింది. గుండ్రాళ్ళకోటలో ఎవరు మొక్క నాటాలన్నా, ముందు ఆ చోట ఒక పగలు తాము కూర్చుని చూడాలి. ఈ ఊహ మాకే తోచిందని రాయించమని రాజు అంటే, ఎవరికి తోచిందో తమ ఒంటికి తెలుసు ప్రభూ అన్నాడు కూర్మయ్య. రాజు మరోసారి నవ్వి, చేతి కడియం తీసి ఆయనకు తొడిగాడు. అంతటితో ఊరుకోక ఒక బిరుదు కూడా ఇచ్చాడు. ఎండకు కూర్చోలేని ముసలివాళ్ళు, పనులున్న గృహస్థులు ఉంటారు గదా, వాళ్ళ తరఫున వాళ్ళ పెరళ్ళలో పడుకుని చూసిపెట్టే ఆస్థాన శయన పండితుడు.

కూర్మయ్య ఉప్పొంగిపోయాడు. లోకంలో నిద్రకు బిరుదు పొందినవాడు తానొక్కడే అని దారి పొడుగునా చెప్పుకుంటూ తిరిగాడు.

మర్నాడు తెల్లవారకముందే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే మహామంత్రి దండపాణి. ఒక చేతిలో దానిమ్మ మొక్క, చంకన కొత్త చాప.

"కూర్మయ్యగారూ, శ్రమ అనుకోకపోతే మా పెరట్లోకి వచ్చి కాస్త పడుకుంటారా?"

ఇన్నేళ్ళ కొలువులో మంత్రి నోట 'గారు' అన్న మాట వినడం అదే మొదలు. కూర్మయ్య కాదనలేక వెళ్ళి, మంత్రిగారి పెరటి మధ్యలో చాప పరచుకుని కళ్ళు మూసుకున్నాడు. మంత్రి, మంత్రి భార్య, అత్తగారు, వంటవాడు చుట్టూ నిలబడ్డారు. మధ్యాహ్నమైనా గాలి చల్లగానే ఉంది, నీడ బాగానే ఉంది. పొద్దు వాలేసరికి మంత్రి కిందికి వంగి, చెవి దగ్గర మెల్లిగా అడిగాడు.

"పట్టిందా అండీ?"

కూర్మయ్య కళ్ళు తెరవకుండానే జవాబు చెప్పాడు. చోటు దివ్యంగా ఉంది, దానిమ్మ ఇక్కడే నాటించండి. నిద్ర విషయం అంటారా, అది పనిగా మారేసరికి మీ ఇంటిదాకా రానని మా ఇంట్లోనే ఉండిపోయింది.